బెంగళూరు రోడ్ల మీద ఎలక్ట్రిక్ స్కూటర్: తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్ళిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో ఏ పీజీ ముందు చూసినా ఇప్పుడు ఆకుపచ్చ నంబర్ ప్లేట్ల స్కూటర్లు వరసగా కనిపిస్తాయి, వాటి ఓనర్లలో మన తెలుగువాళ్ళు తక్కువేం కాదు. కొత్తగా కొన్నవాళ్ళు, కొనాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళు, ఊళ్ళో కూర్చుని "ఆ బ్యాటరీ బండి వద్దురా, పేలిపోతోందట" అని ఫోన్లో గోల పెట్టే అమ్మానాన్నలు, అందరూ అడిగేవి అటూ ఇటూగా ఇవే. అందరూ బ్యాటరీతో మొదలుపెడతారు, బ్రేకుల గురించి మాత్రం ఒక్కరూ అడగరు. అందుకని వరస తిరగేశాను: ముందు రోడ్డు, ఆ తర్వాతే ఛార్జింగూ మంటలూ.

ఏళ్ళ తరబడి పెట్రోల్ స్కూటర్ నడిపాను. దీనికి కొత్తగా నేర్చుకునేదేముంది?

కుడి మణికట్టు. పెట్రోల్ బండికి రేజ్ ఇస్తే ముందు ఇంజన్ గొంతు పెంచుతుంది, తర్వాత క్లచ్ పట్టుకుంటుంది, అప్పుడు గానీ బండి కదలదు. ఆ అరక్షణంలో మీ చెవికి సంగతి తెలిసిపోతుంది. ఎలక్ట్రిక్ మోటార్‌కి ఆ మధ్య మెట్టు లేదు, సున్నా వేగం దగ్గరే టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, మొత్తం ఇచ్చేస్తుంది, అదీ చప్పుడు లేకుండా.

కొత్తవాళ్ళు చాలామంది మొదటి దెబ్బ తినేది రోడ్డు మీద కూడా కాదు, పార్కింగ్‌లో. సెల్లార్‌లో రెండు బళ్ళ మధ్య ఇరుక్కున్న స్కూటర్‌ని దిగి పక్కన నిలబడి వెనక్కి లాగుతుంటారు, స్క్రీన్ ఆన్‌లోనే ఉంటుంది, ఎడమ చేయి సీటు వెనక కడ్డీ మీద, కుడి చేయి హ్యాండిల్ మీద. బండి పక్కకి ఒరిగిందని కుడి చేయి బిగించి పడతారు, గ్రిప్ తిరుగుతుంది, అంతే, వంద కిలోలకి పైగా బరువున్న బండి మీద మనిషి లేకుండానే ఎదురుగా ఉన్న స్తంభం మీదికి దూకుతుంది, చేయి వదలనందుకు మనమూ దాని వెనకే. దిగి తోయాల్సి వస్తే దిగే ముందే ఆఫ్ చేసేయండి. పిల్లల్ని ముందు నిలబెట్టుకుని లిఫ్ట్ దగ్గర కబుర్లు చెప్పేవాళ్ళకి ఇది రెట్టింపు వర్తిస్తుంది, ఎందుకంటే పిల్లల చెయ్యి నేరుగా ఆ గ్రిప్ మీదికే పోతుంది.

ఏ మోడ్‌లో నడపాలి?

ట్రాఫిక్‌లో ఎకో, ఖాళీ రోడ్డు దొరికితే మీ ఇష్టం. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో స్పోర్ట్ మోడ్ పెట్టుకుని మీరు గెలిచేది ఏమీ లేదు, ముందున్న ఆటో వెనక చక్రం దాకా రెండు సెకన్లు ముందు వెళ్తారు. ఎకోలో పికప్ మెత్తగా ఉంటుంది కాబట్టి మణికట్టు పొరపాటుని బండి కొంత సర్దుకుంటుంది, ఛార్జింగ్ మిగలడం దాని మీద లాభం. కొన్ని మోడళ్ళలో ట్రాక్షన్ కంట్రోల్, అంటే వెనక చక్రం జారబోతే పవర్ తగ్గించే ఏర్పాటు, కూడా వస్తోంది. ఉంటే వర్షాకాలంలో దాన్ని ఆఫ్ చెయ్యకండి.

యాక్సిలరేటర్ వదిలితే బండి దానంతటదే ఆగుతోంది కదా, ఇంక బ్రేక్ ఎందుకు?

ఆ అలవాటే ప్రమాదం. యాక్సిలరేటర్ వదలగానే వేగం తగ్గడాన్ని రీజెన్ అంటారు, మోటార్ కాసేపు డైనమోలా పనిచేసి కొంచెం కరెంటు బ్యాటరీకి తిరిగి పంపుతుంది. మామూలు సిగ్నళ్ళ దగ్గర హాయిగా ఉంటుంది. కానీ రెండు సంగతులు షోరూమ్‌లో సరిగ్గా చెప్పరు. ఒకటి, బ్యాటరీ నూరు శాతం నిండి ఉన్నప్పుడు తిరిగి వచ్చిన కరెంటుకి చోటు ఉండదు, అందుకని చాలా బళ్ళలో రీజెన్ బాగా తగ్గిపోతుంది. రాత్రంతా ఛార్జ్ పెట్టి పొద్దున్నే ఫ్లైఓవర్ దిగుతూ నిన్నటి లెక్కన వదిలేస్తే బండి నిన్నటిలా ఆగదు. రెండోది, రీజెన్ పనిచేసేది మోటార్ తిప్పే చక్రానికి, అంటే వెనక చక్రానికి మాత్రమే. గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడు బండి బరువంతా ముందుకి వస్తుంది, అప్పుడు నిజంగా ఆపేది ముందు బ్రేకే.

లెక్క వేసి చూడండి. గంటకి 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 11 మీటర్లు. కళ్ళు చూసి చెయ్యి కదిలేసరికి ఒక సెకను పోయిందనుకుంటే, బ్రేక్ పట్టకముందే 11 మీటర్లు వెళ్ళిపోయారు, పొడి రోడ్డు మీద బ్రేక్ పట్టాక మామూలు చేతికి ఇంకో 12 మీటర్లు. వేగం 60 అయితే ఈ రెండూ కలిపి 45 మీటర్ల దాకా పోతుంది. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, ఆగే దూరం దాదాపు రెండింతలైంది.

మన దగ్గర ఎక్కువ స్కూటర్లలో ఉన్నది కంబైన్డ్ బ్రేకింగ్, అంటే ఒక లివర్ పట్టుకున్నా రెండు చక్రాలకీ కొంత కొంత పంచుతుంది. ఏబీఎస్ అన్నది వేరు, అది చక్రం లాక్ కాకుండా చూస్తుంది. మీ బండిలో ఏది ఉందో తెలుసుకోండి, ఆదివారం పొద్దున ఖాళీ లేఅవుట్ రోడ్డులో రెండు లివర్లూ కలిపి మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పట్టడం నాలుగైదు సార్లు చేసి చూడండి. ఇది చెప్తే అందరూ నవ్వుతారు. చేసినవాళ్ళు నవ్వరు.

వర్షంలో జారుతుందా?

అన్ని బళ్ళూ జారతాయి, దీనికి పికప్ ఎక్కువ కాబట్టి వెనక చక్రం ఇంకాస్త తొందరగా జారుతుంది. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట పడే మొదటి వానలు చాలా చెడ్డవి. రోడ్డు మీద నెలల తరబడి పేరుకున్న ఆయిలూ దుమ్మూ కలిసి మొదటి పావుగంట సబ్బు నురగలా ఉంటుంది, గట్టిగా కురిసి కొట్టుకుపోయాక కాస్త నయం. వాన మొదలవగానే ఫ్లైఓవర్ కింద ఆగేవాళ్ళని చూసి విసుక్కుంటాం గానీ, రోడ్డుకి పూర్తిగా పక్కన ఆగేటట్టయితే ఆ పావుగంట ఆగడం మంచిదే. ఫ్లైఓవర్ కింద లేన్‌లోనే గుంపుగా నిలబడటం మాత్రం వెనక వచ్చే బస్సుకి ఎదురు నిలబడటమే.

అవుటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో పనుల దగ్గర గోతుల మీద పరిచిన ఇనప పలకలు, జీబ్రా క్రాసింగ్ పెయింట్, మ్యాన్‌హోల్ మూతలు, ఈ మూడింటి మీదా తడిలో బ్రేక్ పట్టకూడదు, మలుపు తిప్పకూడదు, రేజ్ ఇవ్వకూడదు. ముందే వేగం తగ్గించుకుని హ్యాండిల్ నిటారుగా పెట్టుకుని దాటేయాలి.

ఎండాకాలంలో కూడా తడి రోడ్డు తగులుతుంది, కారణం నీళ్ళ ట్యాంకర్లు. హెచ్‌ఎస్‌ఆర్, సర్జాపుర రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు మలుపుల్లో అవి తొణికించిన నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. పొద్దున్నే ఆఫీసుకి వెళ్తూ ఎడమకి తిరిగేచోట రోడ్డు నల్లగా మెరుస్తుంటే అది నీడ అనుకోకండి.

గుంతలూ హంపులూ సంగతేంటి?

గుంత కనిపించాక తప్పించబోయి పక్క లేన్‌లోకి దూకడం కంటే, వేగం తగ్గించి అందులోంచే వెళ్ళడం చాలాసార్లు మేలు. బ్రేక్ గుంత ముందే పట్టి, చక్రం అందులో దిగే క్షణానికి వదిలేయాలి, లేకపోతే ముందు సస్పెన్షన్ అప్పటికే నొక్కుకుపోయి ఉంటుంది, దెబ్బ మొత్తం హ్యాండిల్‌కి వస్తుంది.

ఇక్కడి హంపులు మన ఊళ్ళలో స్పీడ్ బ్రేకర్లకి అన్నల్లాంటివి, చాలావాటికి పెయింట్ ఉండదు, రాత్రి అస్సలు కనపడవు. కొన్ని మోడళ్ళలో బ్యాటరీ కాళ్ళు పెట్టే పలక కిందే ఉంటుంది. ఇద్దరెక్కి పెద్ద హంప్ మీద కింద గీరుకుంటే మామూలుగా కేసింగ్‌కి గీత పడి ఊరుకుంటుంది. కానీ గట్టిగా టప్‌మని తగిలితే సర్వీస్ సెంటర్‌లో కింద నుంచి చూపించండి. సొట్ట పడిన బ్యాటరీని "బానే నడుస్తోందిగా" అని వదిలేయకూడదు.

చప్పుడు లేదు కదా, ఎదుటివాళ్ళకి ఎలా తెలుస్తుంది?

తెలియదు, ఆ సంగతి గుర్తుపెట్టుకుని నడపాలి. మన రోడ్ల మీద మనుషులు కళ్ళతో కంటే చెవులతోనే దాటుతారు. వెనక నుంచి బండి చప్పుడు వినిపిస్తే ఆగుతారు, లేకపోతే ఫోన్ చూసుకుంటూ అడుగు వేసేస్తారు. లేఅవుట్ లోపలి రోడ్లలో, బడి దగ్గర, గుడి దగ్గర, ఆగి ఉన్న బస్సు ముందు నుంచి ఎవరైనా రావచ్చు అనుకునే వేగంలో ఉండండి. హారన్ చిన్నగా, దూరం నుంచే కొట్టాలి, పక్కకొచ్చాక కొడితే ఉలిక్కిపడి ఎటు దూకుతారో వాళ్ళకే తెలియదు. పగలు కూడా హెడ్‌లైట్ వెలుగుతూ ఉండేది ఎదుటివాళ్ళకి కనపడాలనే, స్టిక్కర్లు వేసి దాన్ని మసక చేయకండి.

కుక్కలు తరుముతాయా అని కూడా అడుగుతారు. తరుముతాయి. రేజ్ పెంచితే ఇంకా తరుముతాయి.

బస్సుల మధ్యలోంచి దూరిపోవచ్చు కదా?

బీఎంటీసీ సిటీ బస్సుకి ఎడమ పక్కన, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య ఉన్న ఖాళీలో మీరు డ్రైవర్‌కి కనపడరు. స్టాప్ వచ్చేసరికి బస్సు ఎడమకి ఒరుగుతుంది, మీకు ఫుట్‌పాత్ అంచే మిగులుతుంది. వైట్‌టాపింగ్ చేసిన, అంటే తారు మీద కాంక్రీటు పరిచిన రోడ్లలో ఆ అంచు దగ్గర కాంక్రీటు ఎత్తుగా ఆగిపోయి పక్కన లోతుగా ఉంటుంది, అక్కడ ఏటవాలుగా ఎక్కబోతే టైరు జారి పడతారు. అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనపడకపోతే ఆయనకి మీరు కనపడనట్టే. దాటితే కుడి నుంచి దాటండి, లేదా వెనకే ఉండండి.

ఫుట్‌పాత్ ఎక్కొచ్చా, రాంగ్ సైడ్ ఒక్క వంద మీటర్లే కదా?

లేదు, కాదు. కెమెరాకి దొరికితే చలానా ఇంటికి వస్తుంది, దొరకకపోతే ఎదురుగా వచ్చేవాడు దొరుకుతాడు.

హెల్మెట్ ఏది కొనాలి? వెనక కూర్చున్నవాళ్ళకీ కావాలా?

ఇద్దరికీ కావాలి, మోటార్ వాహనాల చట్టంలో 129వ సెక్షన్ నాలుగేళ్ళు దాటిన ప్రతి మనిషికీ అనే చెప్తోంది. ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 4151 అనే నంబర్ చూసుకోండి, 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే తప్పు, అయినా రోడ్డు పక్కన గొడుగుల కింద అమ్ముతూనే ఉంటారు. చెవులు కూడా కప్పని టోపీలాంటి హెల్మెట్ పోలీసు కోసం పెట్టుకునేదే, తల కోసం కాదు. స్ట్రాప్ బిగించాక గడ్డం కింద ఒకటి రెండు వేళ్ళు దూరేంత సందు చాలు. స్ట్రాప్ పెట్టుకోని హెల్మెట్ మీకంటే ముందు కింద పడుతుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది, అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళే. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది, వాళ్ళలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. బ్యాటరీ మంటల వార్తలకి వణికిపోయేవాళ్ళు ఈ అంకెల దగ్గర ఒక నిమిషం ఆగాలి.

తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కించుకుంటే పిల్లల్ని బండి నడిపేవాళ్ళకి కలిపి కట్టే బెల్టు, పిల్లల హెల్మెట్, 40 కిలోమీటర్లకి మించని వేగం, ఈ మూడూ ఉండాలని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన అమల్లో ఉంది. అమలు చేసేవాళ్ళు ఎక్కడా కనపడటం లేదు, అది వేరే సంగతి.

లైసెన్స్ అక్కర్లేని స్కూటర్లు ఉన్నాయట, నిజమేనా?

నిజమే. మోటార్ పవర్ 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే దాన్ని చట్టం మోటార్ వాహనంగా లెక్కించదు, కాబట్టి లైసెన్స్, రిజిస్ట్రేషన్ అడగరు. నంబర్ ప్లేట్ లేకుండా తిరిగే అద్దె స్కూటర్లూ కొన్ని డెలివరీ బళ్ళూ ఈ కోవలోవే. హెల్మెట్ మాత్రం పెట్టుకోండి, 25 కిలోమీటర్ల వేగంలో తల నేలకి తగిలితే చట్టంలో మినహాయింపు ఉందని తలకి తెలియదు.

ఆ బండికి మోటార్ వేగాన్ని అదుపు చేసే కంట్రోలర్ మార్చి 45 దాకా పోయేలా చేసిస్తామనే మెకానిక్‌లు ఉన్నారు. అప్పుడు అది రిజిస్ట్రేషన్ లేని, ఇన్సూరెన్స్ లేని మోటార్ వాహనం అయిపోతుంది, పైగా బ్రేకులు మాత్రం ఆ 25కి సరిపోయేవే. ఎవరికైనా తగిలిస్తే నష్టపరిహారం మీ జేబులోంచే.

మావాడికి పదిహేడేళ్ళు, కాలేజీకి పంపొచ్చా?

పైన చెప్పిన నెమ్మది బండి అయితే చట్టం అడ్డు చెప్పదు. ఆకుపచ్చ ప్లేటున్న మామూలు ఎలక్ట్రిక్ స్కూటర్ ఇచ్చి లైసెన్స్ లేకుండా పంపితే 199ఏ సెక్షన్ కింద శిక్ష పడేది తల్లిదండ్రులకి: మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ రాదు. "మా బావ పోలీసు" అన్న మాట ఇక్కడ కన్నడలో చెప్పినా పనిచెయ్యదు.

ఏపీ, తెలంగాణ నంబర్ బండి ఇక్కడ నడపొచ్చా?

నడపొచ్చు, మీ లైసెన్స్ కూడా దేశమంతా చెల్లుతుంది, డిజిలాకర్‌లో చూపించినా చాలు. కాకపోతే 12 నెలలకి మించి ఇక్కడే ఉంచితే నంబర్ ఈ రాష్ట్రానికి మార్పించుకోవాలని చట్టం. ఊరి నుంచి వచ్చేటప్పుడే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) సంగతి కనుక్కోండి, తర్వాత దాని కోసం సెలవు పెట్టి వెళ్ళాల్సి వస్తుంది.

నీళ్ళు నిలిచిన రోడ్డులో పోతే షాక్ కొడుతుందా?

మీ బండి వల్ల కొట్టదు. కొత్త బళ్ళలో బ్యాటరీ ప్యాక్‌కి ఐపీ67 రక్షణ ఉంటుంది, అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచినా లోపలికి నీరు పోకూడదని పరీక్ష. అది లేబొరేటరీలో మంచినీళ్ళతో, కొత్త బండితో చేసిన పరీక్ష, బెళ్ళందూరు మురికినీళ్ళలో మూడేళ్ళ బండితో చేసింది కాదు. వైరింగ్, కనెక్టర్లు, బేరింగ్‌లకి ఆ హామీ ఉండదు. చక్రం సగం మునిగే నీళ్ళు కనిపిస్తే వెనక్కి తిరగండి, ఇంకో దారి ఉంటుంది, లేకపోతే టీ కొట్టు ఉంటుంది.

అసలు భయపడాల్సిన కరెంటు బయట ఉంది. 2022 సెప్టెంబర్‌లో వైట్‌ఫీల్డ్ దగ్గర నీళ్ళు నిలిచిన రోడ్డు మీద స్కూటర్ అదుపు తప్పిన ఒక అమ్మాయి పడిపోకుండా పక్కనున్న కరెంటు స్తంభం పట్టుకుంది, షాక్‌తో ప్రాణం పోయింది. నీళ్ళలో పడినా ఫర్వాలేదు, స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ కంచె, వీధి దీపం, హోర్డింగ్ కాళ్ళు, దేన్నీ పట్టుకోకండి. తెగిన తీగ కనిపిస్తే ఇక్కడి కరెంటు సంస్థ బెస్కాం నంబర్ 1912కి ఫోన్ చెయ్యండి. ఇక అండర్‌పాస్‌లు: 2023 మే 21న కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో నీళ్ళలో కారు మునిగి చనిపోయిన అమ్మాయి మన ఆంధ్రా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగే. పైన వాన గట్టిగా పడుతుంటే అండర్‌పాస్‌లోకి దిగకండి, ముందు బండి దిగింది కదా అన్న ధైర్యం అస్సలు వద్దు.

వాన పడుతుంటే ఛార్జింగ్ పెట్టొచ్చా?

కప్పు ఉన్న చోట పెట్టొచ్చు. ఛార్జర్ పెట్టె, ప్లగ్గు తడవకూడదు. తడిసిన బండిని తెచ్చి వెంటనే ప్లగ్ పెట్టేయకుండా ఛార్జింగ్ పోర్ట్ పొడిగుడ్డతో తుడిచి, ఓ అరగంట ఆరనిచ్చి పెట్టండి.

సరే, అసలు ప్రశ్న. బ్యాటరీ పేలుతుందా?

ఇంత సేపటికి వచ్చారు. 2022 వేసవిలో వరసగా జరిగిన సంఘటనలు ఉత్తవి కావు. ఆ ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు, అంతకు ముందు నెలలో తమిళనాడు వెల్లూరులో రాత్రిపూట ఛార్జ్ అవుతున్న బండి కాలి, ఆ పొగకి తండ్రీ కూతురూ పోయారు. ఆ తర్వాతే ప్రభుత్వం ఏఐఎస్-156 అనే బ్యాటరీ ప్రమాణాన్ని కఠినం చేసి 2022 డిసెంబర్ 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమల్లోకి తెచ్చింది. బ్యాటరీ లోపలి సెల్‌ల మధ్య ఎడం, ఒక సెల్ వేడెక్కితే పక్కదానికి అంటుకోకుండా ఏర్పాట్లు, ముందే హెచ్చరించే అలారం, ఒత్తిడి బయటికి పోయే దారి, వీటన్నిటికీ పరీక్షలు వచ్చాయి.

కాబట్టి మీరు కొనేది 2023 ఏప్రిల్ తర్వాత తయారైన, పేరున్న కంపెనీ బండి అయితే అప్పటి భయాన్ని యథాతథంగా మోయనక్కర్లేదు. పాత బండి, సందులో షాపువాడు సెల్‌లు కలిపి కట్టిన బ్యాటరీ, వేరే బండి ఛార్జర్, ఈ మూడింటి జోలికి మాత్రం వెళ్ళకండి. ఛార్జర్ పిన్ను పట్టింది కదా అని పెట్టేస్తారు, పిన్ను ఒకటే అయినా వోల్టేజీ వేరే ఉండొచ్చు. బెంగళూరు చల్లదనం బ్యాటరీకి మంచిదే. విజయవాడ మే నెల ఎండలో నిలబెట్టిన బండితో దీన్ని పోల్చలేం.

మా పీజీలో ఎక్స్‌టెన్షన్ బాక్స్‌తో ఛార్జ్ చేస్తున్నాను, ఫర్వాలేదా?

ఇక్కడే నాకు నిజంగా టెన్షన్. ఛార్జర్ తీసుకునే కరెంటు తక్కువేం కాదు, ముప్పావు కిలోవాటు దగ్గర్లో చాలా గంటలు ఆగకుండా లాగుతుంది. ఇస్త్రీ పెట్టె పది నిమిషాల పని, ఇది రాత్రంతా పని. మొబైల్ ఛార్జింగ్‌కి కొన్న సన్న తీగ బాక్సు, అందులోనే ఇంకొకరి బండి, కూలర్, ఆ బాక్సు చుట్టగా చుట్టి సీటు కింద. ఛార్జ్ పెట్టిన అరగంటకి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి ఉన్నా వెంటనే ఆపేయండి. ఆ సాకెట్ లోపల పట్టు వదులైపోయింది, ఇవాళ కాకపోతే రేపు అక్కడే నిప్పు పుడుతుంది. బ్యాటరీ మంచిదే అయినా సరే.

ఓనర్ అంకుల్‌ని అడగాల్సింది మందపు తీగతో నేరుగా గోడకి 16 ఆంపియర్ల సాకెట్, దానికి సరైన ఎర్తింగ్, లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ, వీలైతే కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. "కరెంటు బిల్లు ఎవరు కడతారు" అంటారు, సబ్‌మీటర్ పెట్టించుకోండి, నలుగురు బళ్ళవాళ్ళు కలిసి అడిగితే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే దగ్గర్లో పబ్లిక్ ఛార్జర్ వాడుకోండి, ఈ నగరంలో వాటికి కొరత లేదు.

ఇంకొకటి, మెట్ల కింద ఛార్జ్ పెట్టకండి, ఇతరుల్నీ పెట్టనివ్వకండి. చాలా పీజీలకి బయటికి రావడానికి ఆ ఒక్క మెట్ల దారే. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పొగ మెట్ల మీదుగా పైకి కమ్మి 8 మంది చనిపోయారు. మంట అందరి దాకా రానక్కర్లేదు, పొగ చాలు.

తీసి పట్టుకెళ్ళే బ్యాటరీని గదిలో పెట్టుకుని పడుకోవచ్చా?

మంచం పక్కన, పరుపు మీద, తలుపు దగ్గర వద్దు. బాల్కనీలోనో హాల్లోనో, నున్నటి నేల మీద, చుట్టూ బట్టలు లేని చోట, మెలకువగా ఉన్నప్పుడు ఛార్జ్ చేసుకోండి. ఎండలో తిరిగి వచ్చిన వేడి బ్యాటరీని కాసేపు చల్లారనిచ్చాకే ప్లగ్ పెట్టాలి.

ఏదో తేడాగా ఉందని ఎలా కనిపెట్టాలి? నిప్పంటుకుంటే?

ఉబ్బడం, బుసబుసమనే చప్పుడు, ఘాటైన రసాయనం వాసన, మామూలుగా లేని వేడి, తెల్లటి పొగ. వీటిలో ఏది కనిపించినా ముందు చెయ్యాల్సింది మనుషుల్ని దూరంగా పంపడం. మెయిన్ స్విచ్ చేతికి అందేచోట ఉంటే ఆపండి, లేకపోతే వదిలేయండి. పొగ మొదలయ్యాక బండిని బయటికి తోస్తాను, ఫోన్ తెచ్చుకుంటాను అనొద్దు, ఆ పొగ విషం. గోడకి తగిలించిన మంటలార్పే చిన్న సిలిండర్ పైమంటని ఆర్పుతుంది గానీ లోపల సెల్‌ల వేడిని తగ్గించదు, ఆరిందనుకున్నది మళ్ళీ అంటుకుంటుంది. ఫైర్‌వాళ్ళకి 101 లేదా 112, ఫోన్ చేసేటప్పుడు "లిథియం బ్యాటరీ బండి" అని ముందే చెప్పండి, నీళ్ళు చాలా ఎక్కువ కావాల్సి వస్తుంది.

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తున్నా. బండి ఎలా వదలాలి?

ఛార్జ్ సగం దగ్గర ఉంచి, ప్లగ్ తీసేసి, నీడలో. నూరు శాతం నింపి వెళ్ళడం మంచిది కాదు, ఐదు శాతంలో వదిలేయడం ఇంకా చెడ్డది. తిరిగొచ్చాక టైర్లలో గాలి చూసుకుని ఎక్కండి.

కాళ్ళ దగ్గర నీళ్ళ క్యాన్ పెట్టుకోవచ్చా?

ఇరవై లీటర్ల క్యాన్ పెడితే కాళ్ళు రెండూ బయటికి విప్పుకుని కూర్చుంటారు, బండి ఆగినప్పుడు కాలు దించడానికి అరక్షణం ఎక్కువ పడుతుంది. మలుపులో లోపలి నీళ్ళు ఒక పక్కకి ఊగి హ్యాండిల్‌ని లాగుతాయి. వీధి చివరి దాకా అయితే ఎకోలో మెల్లగా పోనివ్వండి. గ్యాస్ సిలిండర్ వద్దు, అది డెలివరీ వాళ్ళ పని.

ఫ్లైఓవర్ మధ్యలో ఛార్జ్ అయిపోతే?

ఒక్కసారిగా ఆగదు, ఛార్జ్ బాగా తగ్గాక బండి తనే వేగం తగ్గించేస్తుంది. ప్రమాదం ఆ తగ్గిన వేగంతోనే, అవుటర్ రింగ్ రోడ్డులో మీ వెనక వచ్చేవాళ్ళకి మీరు ఎందుకు నత్తలా వెళ్తున్నారో తెలియదు. హజార్డ్ లైట్లు వేసి, ఎడమ అంచుకి వచ్చి, దిగువకి వచ్చాక ఆపండి. స్క్రీన్ మీద చూపించే కిలోమీటర్లు నిన్న మీరు నడిపిన తీరుని బట్టి వేసిన లెక్క, ఇద్దరెక్కినా, గాలికి ఎదురెళ్ళినా తగ్గుతుంది.

హైవే మీద ఊరికి వెళ్ళొచ్చా?

మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీద 2023 ఆగస్టు 1 నుంచి ద్విచక్ర వాహనాలకి ప్రవేశం లేదు, పక్క సర్వీస్ రోడ్డే. హిందూపురం, అనంతపురం వైపు వెళ్ళే ధైర్యవంతులు ఉన్నారు, ఛార్జర్లు ఎక్కడున్నాయో చూసుకుని వెళ్తున్నారు కూడా. నా మాట అడిగితే బస్సెక్కండి. లారీ పక్క నుంచి దాటినప్పుడు వచ్చే గాలి తోపు స్కూటర్ చిన్న చక్రాలకి తట్టుకోవడం కష్టం, రాత్రి అయితే మరీను.

యాక్సిడెంట్ అయితే ముందు ఏం చెయ్యాలి?

112 లేదా అంబులెన్స్‌కి 108. బండి పడిన చోట పొగ, వాసన ఉంటే మనుషుల్ని దూరంగా జరపండి, లేకపోతే మెడకి దెబ్బ తగిలినవాళ్ళని ఊరికే లేపి కూర్చోబెట్టకండి, హెల్మెట్ లాగేయకండి. ఎదుటివాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్తే కేసులో ఇరుక్కుంటామేమో అన్న భయం అక్కర్లేదు, చట్టంలో 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్ళకి రక్షణ ఇస్తోంది, పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. 2025 మే నుంచి కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకంలో రోడ్డు ప్రమాద బాధితులకి గుర్తించిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వైద్యం ఉంది, ఆస్పత్రి కౌంటర్ దగ్గర అడగండి, అడగకపోతే ఎవరూ చెప్పరు.

తర్వాత ఫోటోలు, ఇన్సూరెన్స్‌వాళ్ళకి ఫోన్. బాగా దెబ్బతిన్న బండిని ఇంటి సెల్లార్‌లో పెట్టకండి, ఛార్జింగ్ అసలే పెట్టకండి. నేరుగా సర్వీస్ సెంటర్‌కి పంపేయండి, లోపల నలిగిన సెల్ గంటల తర్వాత కూడా వేడెక్కగలదు.

సెకండ్ హ్యాండ్ కొంటున్నా, సేఫ్టీకి ఏం చూడాలి?

తయారైన నెల, కంపెనీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన బ్యాటరీ హెల్త్ రిపోర్టు, బ్యాటరీ వారంటీ మీ పేరు మీదికి మారుతుందా లేదా. కింద పడుకుని టార్చి వేసి బ్యాటరీ కేసింగ్‌కి సొట్టలు, కొత్తగా వేసిన పెయింట్ ఉన్నాయేమో చూడండి. ఛార్జర్ ఒరిజినల్‌దేనా, దాని పిన్నులు నల్లబడ్డాయా చూడండి. టైర్లు అరిగి ఉంటే ధర తగ్గించమని అడగండి, ఎందుకంటే ఈ బళ్ళకి పికప్ వల్ల వెనక టైరు తొందరగా అరుగుతుంది, అమ్మేవాళ్ళు మార్చి ఇవ్వరు. "నీళ్ళలో ఎప్పుడైనా మునిగిందా" అని అడిగితే అందరూ లేదనే అంటారు. సీటు కింద అరని విప్పి మూలల్లో ఎండిన సన్న మట్టి ఉందేమో వేలితో తీసి చూడండి.